పెరూ అడవి లాడ్జికి పిల్లల గుంపుతో వాలంటీర్ ట్రిప్: వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా?

ఫ్రిస్కో_నాన్న
టెక్సాస్‌లో మా ఫ్రిస్కో దగ్గర తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి హైస్కూల్ పిల్లల్ని వచ్చే జూన్‌లో పెరూ తీసుకెళ్దామనుకుంటున్నాం. ప్వెర్టో మాల్డొనాడో దాకా విమానం, అక్కణ్నుంచి తాంబోపాటా నది మీద పడవలో మూడు నాలుగు గంటలు లోపలికి వెళ్తే ఒక లాడ్జి ఉంది. పద్నాలుగు మంది పిల్లలు, ఐదుగురం పెద్దలం. పొద్దున పూట ‘అడవి కోసం పని’, మిగతా టైమ్ తిరగడం. ట్రిప్ కంపెనీ మనిషికి రెండు వేల డాలర్ల పైచిలుకు అడుగుతోంది, విమానం టికెట్లు కాకుండానే. అందులో ‘ప్రాజెక్టు ఫీజు’ అని పెద్ద మొత్తం ఉంది. అది ఎవరికి వెళ్తుందని మెయిల్ పెడితే, జవాబు బదులు బ్రోషర్ పంపారు. బ్రోషర్‌లో మకావ్ చిలుక పిల్లను అరచేతిలో పట్టుకున్న అమ్మాయి, మొక్కలు నాటుతున్న పిల్లలు, బ్రెజిల్ నట్స్ ఏరుతున్న పిల్లలు.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు రెండు వర్గాలైంది. సగం మంది పంపిద్దాం అంటారు, సగం మంది ఆ డబ్బేదో అక్కడివాళ్లకే ఇచ్చేద్దాం అంటారు. పిల్లలు మాత్రం ఎగిరి గంతేస్తున్నారు. నాకు కావాల్సింది ఒక్కటే: పిల్లలు అక్కడ చేసే పని వల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుందా?

ఎడిసన్_అమ్మ
నేను ఆ రెండో సగం. పదిహేనేళ్ల పిల్లకి పార పట్టుకోవడం రాదు, స్పానిష్ రాదు, అడవి తెలీదు. దానికి పని నేర్పడానికే అక్కడివాళ్ల టైమ్ అంతా పోతుంది. అంత డబ్బు పోసి ఇంకొకరి పనికి అడ్డం పడటం నాకు నచ్చదు.

పక్షుల_పిచ్చి
నది పేరు చెప్పారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. తాంబోపాటాలో మకావ్‌ల మీద 1989 నుంచి పరిశోధన నడుస్తోంది. 1999 నుంచి దాన్ని నడిపిస్తున్న డోనాల్డ్ బ్రైట్‌స్మిత్ మీ టెక్సాస్ ఏ అండ్ ఎం ప్రొఫెసరే. స్కార్లెట్ మకావ్ రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. ఆఖరున గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలకి తల్లిదండ్రులు సరిగా తిండి పెట్టక అవి చచ్చిపోతుంటాయి. అలాంటి పిల్లల్ని తీసి వేరే గూటి మకావ్‌లకి పెంపకానికి ఇచ్చే పద్ధతి ఆ ప్రాజెక్టు వాళ్లు చేసి చూపించారు. చాలా సున్నితమైన పని. తాళ్లతో చెట్టెక్కి, గంటల తరబడి కాపలా కాసి చేస్తారు.

అసలు విషయం ఏంటంటే, అక్కడ మకావ్‌లు గూళ్లు పెట్టేది నవంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా, అంటే వానాకాలంలో. మీరు వెళ్లేది జూన్‌లో. అప్పుడు గూళ్లలో పిల్లలుండవు. ఆ బ్రోషర్ ఫొటోలో ఉన్న పని మీ పిల్లలకి దొరకదు. ఆ ఫొటో ఎప్పటిదో, ఎక్కడిదో కంపెనీని అడగండి.

కోనసీమ_రైతుబిడ్డ
@పక్షుల_పిచ్చి గారు చెప్పిందే మొక్కలకీ వర్తిస్తుంది. తాంబోపాటా వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. జూన్‌లో నేలలో మొక్క పెడితే నీళ్లెవరు పోస్తారు? ఇది రోహిణి కార్తెలో నాట్లేయిస్తామన్నట్టుంది. వచ్చిన ప్రతి గుంపుతో నాటించి ఫొటో తీయడం, గుంపు వెళ్లాక అవి ఎండిపోవడం ఇక్కడా చూశాం, వనమహోత్సవం పేరు చెప్పి.

బ్రెజిల్ నట్స్ సంగతి కూడా అంతే. కాయలు రాలేది వానాకాలంలో, అక్కడివాళ్లు అడవిలోకెళ్లి ఏరేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. కిలో, రెండు కిలోల బరువుండే కాయ అంతెత్తు నుంచి పడుతుంది. తల మీద పడితే ప్రాణం పోతుంది. అది పిల్లలతో చేయించే పనే కాదు.

ఫ్రిస్కో_నాన్న
ఈ కోణం మాలో ఎవరికీ తట్టలేదు. అంటే బ్రోషర్‌లోని మూడు పనులూ జూన్‌లో ఉండవన్నమాట. మరి జూన్‌లో అక్కడ ఏం పనుంటుంది?

కోనసీమ_రైతుబిడ్డ
నర్సరీ పని ఉంటుందండీ. వానలకి మొక్క సిద్ధంగా ఉండాలంటే ముందు నెలల్లోనే సంచులు నింపాలి, విత్తనాలు పెట్టాలి, నీళ్లు పోయాలి, కలుపు తీయాలి. నల్ల పాలిథిన్ సంచిలో మట్టి వదులుగా పోస్తే తడపగానే సగానికి దిగిపోతుంది, గట్టిగా కుక్కితే వేరు దిగదు. సంచిని రెండుసార్లు నేలకేసి తట్టి మళ్లీ నింపాలి. మా కడియం నర్సరీల్లో ఆడవాళ్లు చేసే పని ఇదే. ఒక పూటలో ఏ పిల్లాడైనా నేర్చుకుంటాడు. ఫొటోకి అందంగా ఉండదు, నడుం లాగుతుంది, కానీ నిజంగా చేతులు కావాల్సిన పని.

పక్షుల_పిచ్చి
వానలు తక్కువుండే ఆ నెలల్లో కెమెరా ట్రాప్‌ల (ముందు ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరాల) పని కూడా బాగా సాగుతుంది, దారులు ఎండి ఉంటాయి కాబట్టి. మోకాలి ఎత్తున చెట్టుకి కెమెరా కట్టాలి, ముందున్న ఆకులూ గడ్డీ తీసేయాలి. ఒక్క ఆకు వదిలేసినా గాలికి అది ఊగినప్పుడల్లా కెమెరా క్లిక్‌మంటుంది, కార్డు నిండా ఖాళీ ఫొటోలే. తర్వాత కార్డులు తెచ్చి ఏ ఫొటోలో ఏ జంతువుందో గుర్తించే పని గుట్టలుగా ఉంటుంది. పిల్లలకి ఓపిక ఉంటే అది అసలైన సాయం. పైగా జాగ్వార్ కనిపిస్తే ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు!

మలేసియా_మనవడు
మా ముత్తాతలది శ్రీకాకుళం వైపు, మేం మలేసియాలోని పేరాక్‌లో పుట్టి పెరిగాం. ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. సబా రాష్ట్రంలో కినబటాంగన్ నది పక్కన బాతు పుతే అనే పల్లె ఉంది. ఆ ఊరివాళ్లే సహకార సంఘంగా ఏర్పడి అడవిలో క్యాంపు నడుపుతారు. పామాయిల్ తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్ని కలపడానికి మొక్కలు పెంచుతారు. మేం స్నేహితులం కలిసి వెళ్లినప్పుడు తుంగోగ్ అనే చెరువులో కలుపు తీయించారు. నీటి మీద సాల్వీనియా అనే తేలే కలుపు మొక్క దట్టంగా అల్లుకుపోతుంది, మన గుర్రపుడెక్కలా. పడవలో కూర్చుని చేత్తో లాగి గట్టున పోయడమే. చదువక్కర్లేదు, భాష అక్కర్లేదు, చేతులెన్నుంటే అంత మంచిది. @ఎడిసన్_అమ్మ గారు, గుంపుతో పనికొచ్చే పనులు లేకపోలేదు. వచ్చిన గుంపు కోసం పని పుట్టిస్తున్నారా, ఉన్న పనికి గుంపుని పిలుస్తున్నారా అన్నది చూడాలి.

ఎడిసన్_అమ్మ
@మలేసియా_మనవడు ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పింది ఊరివాళ్లే నడిపే క్యాంపు. ఫ్రిస్కో వాళ్లకి మధ్యలో కంపెనీ ఉంది, అది అడిగినదానికి జవాబివ్వట్లేదు. నా అభ్యంతరం అక్కడ.

నల్లమల_నేస్తం
అసలు అంత దూరం ఎందుకని నా ప్రశ్న. వానల అడవే కావాలంటే కర్ణాటకలో అగుంబె లేదా? రోములస్ విటేకర్ 2005లో పెట్టిన పరిశోధన కేంద్రం ఉంది, రాచనాగుల (కింగ్ కోబ్రాల) మీద ఎంతో పని జరిగింది. పిల్లలు ఇండియా వచ్చినప్పుడు అటు తీసుకెళ్తే సొంత దేశం అడవి తెలుస్తుంది, ఖర్చూ తక్కువ.

ఫ్రిస్కో_నాన్న
@నల్లమల_నేస్తం అన్నా, జూన్, జూలైలలో అగుంబెలో కుండపోత కదా. మా పిల్లలకి సెలవులు అప్పుడే.

నల్లమల_నేస్తం
అదీ నిజమే. జలగలు కూడా ఫ్రీ.

లిమా_నుంచి_మాట
ఉద్యోగం మీద లిమాలో ఉంటున్నాను, తాంబోపాటా వెళ్లాను. ‘డబ్బు ఇచ్చేసి ఊరుకుందాం’ అనేవాళ్లకి ఒక మాట. అక్కడ అడవి నిలబడాలంటే అడవి ఉండటం వల్ల ఊరివాళ్లకి ఆదాయం రావాలి. ఇన్ఫియెర్నో అని ఒక ఊరుంది, ఎసె ఎహా అనే ఆదివాసులూ, నది వెంట స్థిరపడిన వేరే కుటుంబాలూ కలిసి ఉంటారు. 1996లో ఆ ఊరివాళ్లు ఒక టూరిజం కంపెనీతో 20 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. లాభంలో 60 శాతం ఊరికి, 40 శాతం కంపెనీకి. అలా పుట్టిందే పొసాదా అమజోనాస్ అనే లాడ్జి. గైడ్లు, పడవ నడిపేవాళ్లు, వంటవాళ్లలో ఊరి మనుషులు చాలామంది. జనం రాకపోతే ఈ లెక్కంతా కూలిపోతుంది.

రెండో దారేమిటో విమానంలోంచే కనిపిస్తుంది. కుస్కో నుంచి వచ్చేటప్పుడు, కొండలు దిగాక పచ్చటి అడవి మధ్యలో ఒక్కసారిగా గోధుమరంగు గుంటలు మొదలవుతాయి. చెట్టు ఉండదు. చట్టవిరుద్ధంగా బంగారం తవ్విన చోట్లు అవి. ఇసుకలోని బంగారం రేణువుల్ని పట్టుకోవడానికి పాదరసం కలుపుతారు. ఆ పాదరసం నదిలోకి, చేపల్లోకి వెళ్తుంది. 2016లో ఆ ప్రాంతంలో పాదరసం వల్ల ప్రభుత్వం ఎమర్జెన్సీ ప్రకటించింది. 2019లో లా పంపా అనే చోటికి సైన్యాన్నీ పోలీసుల్నీ పంపి తవ్వకాలు ఆపించింది. పిల్లల్ని కిటికీ సీట్లలో కూర్చోబెట్టండి.

ఎడిసన్_అమ్మ
ఆ 60, 40 లెక్క నాకు తెలీదు, చెప్పినందుకు థాంక్స్. అయితే అలాంటి లాడ్జిలో డబ్బు కట్టి అతిథులుగా ఉండొచ్చు కదా? దానికి ‘వాలంటీర్’ అని పేరెందుకు? పిల్లలు శుభ్రంగా చూసి, నేర్చుకుని రావచ్చు.

లిమా_నుంచి_మాట
@ఎడిసన్_అమ్మ అక్కా, నూటికి నూరుపాళ్లు. నా ఓటు దానికే. లాడ్జివాళ్లకి పనుంటే, వాళ్లే అడిగితే, ఒక పూట చేయండి. లేకపోతే అతిథిగా ఉండటంలో తప్పేం లేదు.

మందుల_చీటీ
ఇందాకటి నుంచి చూస్తున్నా, ఆరోగ్యం గురించి ఎవరూ ఎత్తలేదు. నేను డాక్టర్ని, మీ పిల్లల డాక్టర్ని కాదు కాబట్టి ట్రావెల్ క్లినిక్‌కి తప్పకుండా వెళ్లండి. అక్కడ అడగాల్సినవి:

ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి. 2016 నుంచి ఒక్క డోసు సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అమెరికాలో ఇది అన్ని క్లినిక్‌లలో దొరకదు, ముందే వెతుక్కోండి. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. గుడ్డు పడనివాళ్లు, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్లు, 60 దాటినవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోవద్దు. మీ ఐదుగురు పెద్దల్లో తాతగార్లెవరైనా ఉన్నారా?

ఇంకోటి, మనవాళ్లు పట్టించుకోనిది. పెరూ నుంచి వచ్చి అలాగే ఇండియా ఫ్లైట్ ఎక్కేవాళ్లు ఉంటారు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. ఆ పసుపు రంగు టీకా కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచండి.

మలేరియా మాత్రల సంగతి క్లినిక్ వాళ్లే తేలుస్తారు. దోమలు కాక, ఇసుక ఈగల వల్ల వచ్చే లీష్మేనియా పుండు ఆ ప్రాంతంలో ఉంది. తిరిగొచ్చాక ఏ కాటైనా వారాల తరబడి మానకుండా పుండై నిలిస్తే, పెరూ వెళ్లొచ్చామని డాక్టర్‌కి చెప్పండి. మీరు చెప్పకపోతే డల్లాస్‌లో ఎవరికీ తట్టదు.

ఫ్రిస్కో_నాన్న
ఒక తాతగారు ఉన్నారు, 67. ఇవాళే ఫోన్ చేస్తాను. ఇద్దరు పిల్లలు పెరూ నుంచి వచ్చిన వారంలోనే హైదరాబాద్ వెళ్తున్నారు. మంచి పాయింట్ పట్టుకున్నారు డాక్టర్ గారూ.

వీసా_వెతలు
అసలైన టెన్షన్ ఇక్కడుంది. ఇండియన్ పాస్‌పోర్టు మీద ఎంతమంది? అమెరికా వీసా చెల్లుబాటులో ఉండి, కనీసం ఆరు నెలల గడువుంటే, లేదా గ్రీన్ కార్డు ఉంటే పెరూకి టూరిస్టుగా వీసా అక్కర్లేదు. కానీ పాస్‌పోర్టులో హెచ్4 (హెచ్1బి ఉద్యోగుల భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చే వీసా) స్టాంపు గడువు అయిపోయి, చేతిలో ఐ-797 (అమెరికాలో ఉండటానికి ఇచ్చే అనుమతి కాగితం) మాత్రమే ఉన్నవాళ్లు బయటకెళ్తే తిరిగి అమెరికాలోకి రావాలంటే మళ్లీ స్టాంపింగ్, అంటే అమెరికా కాన్సులేట్‌లో కొత్త వీసా వేయించుకోవడం, కావాలి. కెనడా, మెక్సికో చిన్న ట్రిప్పులకి ఉండే సడలింపు పెరూకి లేదు. టికెట్లు కొనక ముందే ఒక్కొక్కరి పాస్‌పోర్టూ తెరిచి చూడండి. ‘వాలంటీర్’ అన్నదానికి టూరిస్టు ఎంట్రీ సరిపోతుందా అన్నది పెరూ కాన్సులేట్‌ని రాతపూర్వకంగా అడగండి. తల్లిదండ్రులు తోడు రాని పిల్లలకి నోటరీ చేయించిన అనుమతి పత్రం కూడా.

ఫ్రిస్కో_నాన్న
ముగ్గురు పిల్లలకి స్టాంపింగ్ లేదు. వాళ్ల అమ్మానాన్నలకి చెప్పాలి, పాపం ఆ పిల్లలే ఎక్కువ ఉత్సాహంగా ఉన్నారు.

వీసా_వెతలు
వాళ్ల కోసం పోర్టోరికోలో ఎల్ యుంకే ఉంది. అది కూడా వానల అడవే, అమెరికా భూభాగమే, వీసా గొడవ లేదు. అందర్నీ అక్కడికే తీసుకెళ్లడం గురించి కూడా ఆలోచించండి.

గుంటూరు_ఘాటు
అన్నీ బాగున్నాయి గానీ తిండేంటండీ? మా అబ్బాయి శాకాహారి.

లిమా_నుంచి_మాట
అన్నానికి లోటుండదు, పెరూ వాళ్లు మనలాగే అన్నం తింటారు. చిక్కుళ్లు, అరటికాయ వేపుడు, కర్రపెండలం. పెద్దాపురం, సామర్లకోట వైపు వాళ్లకి సగ్గుబియ్యం చేసే ఆ దుంప తెలుసు. అక్కడ ఉడకబెట్టో వేయించో రోజూ పెడతారు. బిహావో అనే ఆకులో అన్నం చుట్టి ఉడికించే హువానే అని ఒకటుంది, అందులో కోడి లేకుండా చేయమని ముందే చెప్పాలి. సరుకంతా పడవలో రావాలి కాబట్టి శాకాహారులెందరో వెళ్లకముందే రాసి పంపండి. అక్కడికెళ్లి చెప్తే వాళ్లు ఇబ్బంది పడతారు.

గుంటూరు_ఘాటు
ఆవకాయ?

లిమా_నుంచి_మాట
చెక్-ఇన్ లగేజీలో, గట్టిగా సీల్ చేసి, కస్టమ్స్ ఫారంలో రాసి. గదిలో మాత్రం మూత తెరవొద్దు. లాడ్జి గదులకి చాలా చోట్ల ఒకవైపు గోడే ఉండదు, అడవికి తెరిచే ఉంటుంది. మంచానికి దోమతెర. తిండి వాసన తగిలితే చీమలు, ఎలుకలు, కోతులు అన్నీ అతిథులే.

గుంటూరు_ఘాటు
గోడ లేదా!! మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించను.

పక్షుల_పిచ్చి
గోడ లేకపోవడమే అక్కడి భాగ్యమండీ. తెల్లారుజామున హౌలర్ కోతులు మొదలెడితే దూరంగా తుఫాను వస్తోందేమో అనిపిస్తుంది. అప్పుడు లేచి పడవలో కొల్పా దగ్గరికి వెళ్లాలి. కొల్పా అంటే చిలుకలు మట్టి తినే నది గట్టు. మొదట చిన్న చిలుకలు పైన చెట్ల మీద చేరి గోల చేస్తాయి. గంట సేపు ఒక్కటీ దిగదు. ధైర్యం చేసి ఒకటి దిగితే వెనకాలే అన్నీ గట్టుకి అతుక్కుంటాయి. మకావ్‌లు కొంచెం ఆలస్యంగా వస్తాయి. సముద్రానికి అంత దూరంలో తిండిలో ఉప్పు తక్కువ, ఆ మట్టిలో సోడియం ఎక్కువ. అందుకే అంత ప్రమాదం ఉన్నా దిగుతాయి. పైన డేగ తిరిగిందా, అన్నీ ఒకేసారి లేస్తాయి, మళ్లీ దిగడానికి ఎంతసేపైనా పట్టొచ్చు. మన పిల్లాడు లేచి నిలబడి ఫోన్ ఊపినా అదే జరుగుతుంది. మాట్లాడకుండా కూర్చోవడం పిల్లలకి ముందే నేర్పండి.

మందుల_చీటీ
చెట్ల బోదెల మీద, దారి పక్క కర్రల మీద చూడకుండా చెయ్యి వేయొద్దని కూడా నేర్పండి. బుల్లెట్ చీమ ఉంటుంది. కుడితే రోజంతా నొప్పి. పాము కాటుకి విరుగుడు ఎక్కడుంది, రాత్రి పూట పడవ సిద్ధంగా ఉంటుందా, ఊళ్లో ఆసుపత్రికి చేరడానికి ఎన్ని గంటలు, శాటిలైట్ ఫోన్ ఉందా, ఈ నాలుగూ లాడ్జిని అడగండి. జవాబు తడుముకుంటే పిల్లల్ని పంపొద్దు.

సీటెల్_చెల్లి
నేను కాలేజీలో ఉన్నప్పుడు ఇలాంటి ట్రిప్‌కే వెళ్లాను, వేరే దేశం. ‘రెస్క్యూ సెంటర్’ అని చెప్పి కోతి పిల్లల్ని ఎత్తుకోనిచ్చారు, అందరం ఫొటోలు దిగాం. మనుషుల చేతుల్లో అలా పెరిగినవి అడవిలో బతకలేవని అక్కడి పాత ఉద్యోగే చెవిలో చెప్పాడు. జంతువుని ముట్టుకోనిచ్చే చోటు ఏదైనా సరే, దాని పేరు కొట్టేయండి. మధ్యలో ఒక పూట అనాథాశ్రమం విజిట్ అని ఉంటే అది కూడా. ఒక రోజు వచ్చి ఆడి వెళ్లిపోయేవాళ్లని చూసి చూసి ఆ పిల్లలేమవుతారు?

ఎడిసన్_అమ్మ
@సీటెల్_చెల్లి నా మనసులో ఉన్నది నువ్వు రాశావమ్మా.

కోనసీమ_రైతుబిడ్డ
చలి బట్టలు మర్చిపోవద్దు. నవ్వకండి, నిజమే. మే నుంచి ఆగస్టు మధ్య దక్షిణం నుంచి చల్లగాలి వస్తుంది, ఫ్రియాహె అంటారు. 30 దాటిన వేడి ఒక్కరోజులో పదీ పదిహేను డిగ్రీలకి పడిపోతుంది, రెండు మూడు రోజులుంటుంది. గోడల్లేని గదిలో ఆ చలి, పైగా పడవలో తెల్లారుజామున. ఒక స్వెటర్, ఒక రెయిన్ జాకెట్.

ఫ్రిస్కో_నాన్న
అప్‌డేట్. మీరు చెప్పినవన్నీ ప్రశ్నలుగా రాసి కంపెనీకి పంపాం: జూన్‌లో పనేంటి, ఆ పని ఎవరడిగారు, మేం రాకపోతే అది ఎవరు చేస్తారు, ప్రాజెక్టు ఫీజులో లాడ్జికి ఎంత, ఊరికి ఎంత. జూన్‌లో మకావ్ పిల్లలు ఉండవని ఒప్పుకున్నారు, ‘ఆ ఫొటో నమూనా మాత్రమే’ అన్నారు. ఫీజు లెక్క మాత్రం ‘కంపెనీ అంతర్గత విషయం’ అట. అక్కడితో వాళ్లకి దణ్ణం పెట్టేశాం.

ఊరికి వాటా ఉన్న లాడ్జి ఒకదానికి నేరుగా రాశాం. వాళ్ల జవాబు నాకు నచ్చింది: ‘మామూలు అతిథులుగా రండి. నర్సరీలో ఒక పూట, కెమెరా కార్డులు చూడటం ఒక సాయంత్రం, అంతవరకే పిల్లలకి ఇవ్వగలం. మిగతా పనికి మా మనుషులున్నారు.’ ఖర్చు కూడా తగ్గింది. తాతగారు డాక్టర్‌తో మాట్లాడి మానుకున్నారు. స్టాంపింగ్ లేని ముగ్గురి కుటుంబాలు ఎల్ యుంకే వెళ్తున్నాయి. ఇంకో రెండు కుటుంబాలు ఇప్పటికీ వద్దనే అంటున్నాయి, ఆ మాటా కాదనలేం. చివరికి మిగిలింది తొమ్మిది మంది పిల్లలు.

ఒక చిన్న ప్రశ్న: రబ్బరు బూట్లు లాడ్జిలో ఇస్తామన్నారు. మా వాడిది పదమూడు సైజు. మోసుకెళ్లాలా?

లిమా_నుంచి_మాట
మోసుకెళ్లండి. అక్కడ పెద్ద సైజులు దొరకడం కష్టం. మోకాలి దాకా ఉండేవి, లోపలికి రెండు జతల పొడవాటి సాక్సులు. ప్వెర్టో మాల్డొనాడోలో చాలా లాడ్జిలకి ఆఫీసు ఉంటుంది, పెద్ద పెట్టెలు అక్కడే వదిలి చిన్న బ్యాగుతో పడవెక్కమంటారు. బూట్లు ఆ చిన్న బ్యాగులో పెట్టుకోమని చెప్పండి.